ఐదు కాళ్ల గుర్రం

వరంగల్‌లోని ఒక చిన్న మ్యూజియంలో ఉమాపతి అనే గైడు ఉండేవాడు. తనకు తెలిసినదంతా ఎదుటివాళ్ల చెవిలో పోస్తే తప్ప అతనికి నిద్ర పట్టేది కాదు.

ఆ మ్యూజియంలో ఒక గదంతటికీ ఒకటే బొమ్మ. నేతగాళ్ల కులకథను ఎర్రరంగు పూసిన గుడ్డ మీద వరసలు వరసలుగా గీసిన పాత పటం అది. పైకప్పు నుంచి కింది దాకా వేలాడేది. అదంటే ఉమాపతికి ప్రాణం. జనం మాత్రం గుమ్మంలోంచే తొంగిచూసి వెళ్లిపోయేవారు.

చివరికి మ్యూజియం అధికారిణి సుభాషిణి అతన్ని పిలిచింది. "ఉమాపతి గారూ, ఈ ఎండాకాలం సెలవుల్లో కూడా ఎవరూ నిలబడి చూడకపోతే పటాన్ని చుట్టి లోపల పెట్టేస్తాం. ఆ గదిలో కాఫీ కొట్టు పెట్టమని పై అధికారులు అంటున్నారు" అంది. కాఫీ మిషను అప్పటికే వచ్చి వరండాలో కూర్చుంది.

ఉమాపతికి గుండె జారిపోయింది. అయినా తేరుకుని, "ఫోనులో గైడు పెడదాం మేడమ్" అన్నాడు. ఫోనును పటానికి ఎదురుగా పట్టుకుంటే తెర మీద బొమ్మలు లేచి కదులుతాయి, మాట్లాడతాయి. ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు దాన్ని. సుభాషిణి సరేనంది. యాప్ తయారుచేయడానికి స్రవంతి అనే అమ్మాయి వచ్చింది.

"ఏమేం పెట్టమంటారు సార్?" అని అడిగింది.

"అన్నీ పెట్టమ్మా" అన్నాడు ఉమాపతి.

తెర మీద గుర్రం దౌడు తీసింది. పెళ్లికూతురు పాట పాడింది. పూలవాన కురిసింది. వీటన్నిటి మీదుగా ఉమాపతి గొంతు ఆగకుండా చరిత్ర చెప్పింది.

"కొంచెం తగ్గిద్దాం సార్, జనానికి ఊపిరాడదు" అంది స్రవంతి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి వింటాడా! "విస్తరి నిండా వడ్డిస్తేనే మర్యాద" అనేశాడు.

సెలవులు మొదలయ్యాయి. గది కిటకిటలాడింది. పిల్లలు కేకలు పెట్టారు, పెద్దలు వీడియోలు తీసుకున్నారు. ఉమాపతి కాళ్లు నేల మీద నిలవలేదు. ఒకరోజు సాయంత్రం జనం వెళ్లిపోయాక సుభాషిణి ఆ గదిలోకి వచ్చింది. ఉమాపతి ఫోను ఎత్తిపట్టుకుని తన గొంతు తానే మురిసిపోతూ వింటున్నాడు.

"పటం ఎలా ఉంది?" అని అడిగింది.

"దానికేం మేడమ్, దివ్యంగా ఉంది!"

"ఒక్కసారి ఫోను దించి చూడండి."

ఉమాపతి దించాడు. గోడ మీద పటం లేదు. క్యాలెండరంత కాగితం ఒకటి అంటించి ఉంది.

"అంచు చిరిగిందని పొద్దున్నే బాగుచేయడానికి దించాం. మీ యాప్ ఆగిపోకూడదని దాని ఫొటో అంటించాం" అంది సుభాషిణి. "రోజంతా గది నిండా జనమే. పటం ఏదని ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదు."

ఉమాపతి తల ఎత్తలేకపోయాడు. ప్రాణం అనుకున్నదాన్ని తానే చూడలేదు. అంతకంటే సిగ్గేముంది! ఆ ఖాళీ గోడ ముందు కూర్చుంటే, చిన్నప్పుడు తమ వాడలో పటం కట్టి కథ చెప్పినవాళ్లు గుర్తుకొచ్చారు. కథకుడు కట్టెతో ఒక బొమ్మను చూపించి పాడేవాడు. తర్వాత కట్టె దించి నోరు మూసుకునేవాడు. జనం కళ్లారా చూసేదాకా మళ్లీ పాట ఎత్తుకునేవాడు కాదు.

"నేను కట్టె దించనే లేదు మేడమ్" అన్నాడు ఉమాపతి. "ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

స్రవంతితో కూర్చుని పూలవాన తీసేశాడు, పాట తీసేశాడు. ఏడుపు మొహంతోనే అయినా తన గొంతు కూడా కత్తిరించాడు. ఇప్పుడు ఫోను ఒక్కో వరసకు ఒక్కటే మాట చెబుతుంది. 'పెళ్లి పందిట్లో అందరూ పెళ్లికూతుర్నే చూస్తున్నారు. ఒక్కరు తప్ప. ఎవరది?' అంటుంది. అంతే, తెర నల్లబడుతుంది. ఇక ఫోను దించక తప్పదు.

పటం తిరిగి గోడకెక్కింది. పటమో కాఫీ కొట్టో తేల్చే రోజు పై అధికారులు వచ్చారు. గది నిండా జనం, అందరి ఫోన్లూ కిందికే ఉన్నాయి. అందరి కళ్లూ పటం మీదే.

"దొరికిండు! గా పిలగాడు అరిసెల పళ్లెం దిక్కు చూస్తుండు!" అని ఒకామె అరిచింది. గది ఘొల్లుమంది.

ఇంతలో పరకాల నుంచి మనవరాలితో వచ్చిన ఒక పెద్దామె పటం దగ్గరికి వంగింది. "ఓ సారూ, ఇటు రాండ్రి! గీ గుర్రానికి ఐదు కాళ్లున్నయి!"

ఉమాపతి పరుగెత్తాడు. నిజమే! వెనకటి చిత్రకారుడు ఒక కాలు వేసి, నచ్చక పక్కన ఇంకోటి వేసి, మొదటిది చెరపడం మరిచాడు. ఫోనులో దౌడు తీసిన గుర్రానికి నాలుగే కాళ్లు! ఇన్నేళ్లు ఇదే గుర్రం గురించి ఉపన్యాసాలు దంచిన ఉమాపతి దాని కాళ్లు ఏనాడూ లెక్కపెట్టలేదు. "అమ్మా, నేనూ ఇవాళే చూస్తున్నాను!" అని పసివాడిలా గంతేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అధికారులు కూడా ఒకరినొకరు తోసుకుంటూ ఐదో కాలు వెతికారు.

కాఫీ మిషను మెట్ల కిందికి పోయింది. పటం గోడ మీదే ఉండిపోయింది.

చూపించేవాడు పక్కకు తప్పుకుంటేనే చూసేవాడి కన్ను తెరుచుకుంటుంది.