తోడేలు దొరగారి జెట్ లాగ్

ఆ ఎండాకాలం తొండవాగు ఎండిపోయి అడవి మొత్తానికి ఒకే ఒక్క మడుగు మిగిలింది. దాని చుట్టూ బతికే చుక్కల దుప్పుల మందకి పెద్ద కొమ్ముల రాయుడు. ఆయన పెద్ద ఎందుకయ్యాడంటే, కొమ్ములున్నాయి కనక. పులి వాసన పసిగట్టేది ఆడదుప్పులు. పిల్లల్ని పొదల్లో దాచేది, పచ్చగడ్డి జాడ కనిపెట్టేది కూడా ఆడదుప్పులే. అంతా అయ్యాక రాయుడు వచ్చి కొమ్ములు ఒకసారి ఊపి, "నేనున్నాను కాబట్టి సరిపోయింది" అనేవాడు.

ఏటా ఎండలు ముదిరాక ఆ కొమ్ములు రాలిపోయేవి. కొత్తవి మొలిచేదాకా రాయుడు ఎవరి కంటా పడేవాడు కాదు. ఎక్కడికి పోయావని అడిగితే ధ్యానానికి అనేవాడు.

ఆ మందలోనే చెంగమ్మ అని ఒక దుప్పి ఉంది. నిండు చూలాలు. నోరు కొంచెం పదునని పేరు. "ఈ నోటికి తోడు నీకు కొమ్ములు కూడా ఉంటే ఏమయ్యేదో!" అని రాయుడు ఓసారి ఎత్తిపొడిస్తే, "ఏముంది, నేనూ ఏటా ధ్యానానికి పోయేదాన్ని" అంది. అప్పట్నుంచి ఆయనకి ఆమె అంటే పడదు.

ఒక పొద్దున గుంటనక్క పాపయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. పాపయ్య ఈమధ్యే వ్యాపారం పెట్టాడు. దూరదేశాల జంతువుల్ని ఈ అడవికి వేటయాత్రకి తీసుకురావడం ఆ వ్యాపారం.

"శుభవార్త రాయుడు గారూ! మంచుదేశం నుంచి తోడేలు దొర దిగాడు. గూడబాతు నోటి సంచిలో కూచుని మూడు సముద్రాలు దాటి వచ్చాడు. ఆరు రోజుల ప్యాకేజీ. మడుగు దగ్గర బస, ఒక వేట, తిరుగు ప్రయాణం."

"ఏం వేటకొచ్చాడు?"

"కొమ్ముల కోసం! వాళ్ళ దేశంలో గుహ గుమ్మానికి తగిలించుకుంటారట. మీ కొమ్ముల్ని మించినవి ఎక్కడా లేవని నేనే చెప్పాను. మీ పేరు సముద్రాలు దాటిపోయిందండీ!"

రాయుడి మొహం ముందు వెలిగింది. ఒక్క క్షణం ఆగి ఆరిపోయింది.

"అంటే... కొమ్ములు మాత్రమేనా? వాటి కిందున్నది కూడానా?"

"కిందున్నది రాకుండా పైనున్నది ఎలా వస్తుందండీ?" అన్నాడు పాపయ్య. "భయపడకండి, దొర చాలా పద్ధతైన మనిషి. వాళ్ళ క్లబ్బు రూలు ప్రకారం పగలు మాత్రమే వేటాడతాడు. రాత్రి కొట్టింది లెక్కలోకి రాదు. వేట కూడా మడుగు దగ్గరే. ప్యాకేజీలో అంతే ఉంది."

పాపయ్య అటు వెళ్ళగానే రాయుడు మందని సమావేశపరిచాడు. చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"అతిథి వచ్చాడు. మర్యాద చెయ్యకపోతే మడుగు దగ్గర్నుంచి కదలడు, మనకి నీళ్ళుండవు. కాబట్టి ఒకళ్ళు వెళ్ళాలి. నేను వెళ్ళడానికి వెనకాడను. కానీ నేను పోతే మంద పరువు పోతుంది. మీలో ఒకళ్ళు పోతే మందలో ఒకటి తగ్గుతుంది, అంతే."

"ఆయనకి కొమ్ములు కావాలి కదయ్యా. మాకెక్కడున్నాయి?" అంది ముసలి నూకాలు. ఆ మందలో రాయుణ్ణి పుట్టినప్పట్నుంచీ ఎరిగింది ఆమె ఒక్కతే.

"దానికేం, తుమ్మకొమ్మలు రెండు కట్టుకుంటే సరి. విదేశీయుడు, ఏం తెలుస్తుంది?" అని రాయుడు చెంగమ్మ వైపు చూశాడు. "చెంగీ, నువ్వెలాగూ ఈ నెల ఎక్కువ పరిగెత్తలేవు. కొమ్ములు లేవని నీకు బాధగా కూడా ఉండేది. ఇన్నాళ్ళకి మంద నీకో గౌరవం ఇస్తోంది."

"గౌరవం వచ్చినప్పుడల్లా చావు దాని వెనకే వస్తుందేం రాయుడు గారూ, ఆడవాళ్ళకి?" అంది చెంగమ్మ.

మిగతా మగదుప్పులు అప్పుడే ఆకాశంలో ఏదో వింత కనబడ్డట్టు పైకి చూడ్డం మొదలెట్టాయి. చెంగమ్మ కడుపులో బిడ్డ ఒక తన్ను తన్నింది. వెళ్ళకపోతే రేపు అందరికీ నీళ్ళుండవు. వెళితే ఆ బిడ్డ ఉండదు.

మర్నాడు ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా, తలమీద రెండు తుమ్మకొమ్మలు కట్టుకుని ఆమె మడుగు దగ్గరికి నడిచింది. అడవిలో ఆకు కదలడం లేదు. పిట్టలు నోళ్ళు తెరుచుకుని కొమ్మల్లో సొమ్మసిల్లాయి. రోహిణి కార్తె ఎండకి జడిసి పులులు కూడా గుహల్లో పడుకున్నాయి.

మెలకువగా ఉన్నది తోడేలు దొర ఒక్కడే. తెల్లటి బొచ్చు, ఎర్రటి కళ్ళు. ఒక కన్ను మూసుకుంటే రెండోది తెరుచుకుంటోంది. ఆమెని చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడ్డాడు.

"ఆగు. నిన్ను చంపే ముందు ఒక్క మాట. ఇప్పుడు టైమెంత?"

చెంగమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా అడక్కుండా ఉండలేకపోయింది. "పైన సూర్యుడున్నాడు కదా దొరా, కనబడ్డం లేదా?"

"సూర్యుణ్ణి చూస్తే ఏం తెలుస్తుంది? మా దేశంలో ఎండాకాలం అర్ధరాత్రి కూడా ఆయన అక్కడే ఉంటాడు. చలికాలం మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. ఆకాశం చూసి టైము చెప్పడం మా వంశంలో లేదు."

"మరి ఇంటి దగ్గర ఎలాగండీ?"

"మా ఆవిడ చెబుతుంది. లే అంటే లేస్తాను, పడుకో అంటే పడుకుంటాను."

"వేట?"

"అదీ ఆవిడే. తిండికి ఆవిడ వేటాడుతుంది. నేను పేరుకి వేటాడతాను." దొర పెద్దగా ఆవులించాడు. "సముద్రాలు దాటినప్పట్నుంచి కునుకు లేదు. కడుపు ఒక టైము చెబుతోంది, కళ్ళు ఇంకో టైము చెబుతున్నాయి. దీన్ని జెట్ లాగ్ అంటారట. త్వరగా చెప్పు, పగలేనా? అయితే నిన్ను చంపేసి పడుకుంటాను."

చెంగమ్మ వెనక్కి వేసిన అడుగు మళ్ళీ ముందుకి వేసింది. ఈ పెద్దమనిషికి టైము ఎవరో ఒక ఆడది చెప్పాలి. ఇక్కడ ఉన్న ఆడది తను.

"అయ్యో, పగలేమిటి దొరా! నడిరాత్రి! చెవి పెట్టి వినండి, ఎక్కడైనా చప్పుడుందా? పిట్ట కూయడం లేదు. పులి తిరగడం లేదు. ఊరంతా నిద్రపోయే వేళ."

దొర చెవులు నిక్కించాడు. నిజమే, ఎక్కడా అలికిడి లేదు. "మరి నువ్వెందుకు మెలకువగా ఉన్నావు?"

"నిండు నెలలు. నాకూ రాత్రుళ్ళు నిద్ర పట్టదు."

"పాపం," అన్నాడు దొర. తర్వాత ఆమె తలకేసి అనుమానంగా చూశాడు. "నీ కొమ్ములకి ఆకులున్నాయేం?"

"ఈ కాలంలో చిగురిస్తాయండీ."

దొర తలూపాడు. రాత్రి కొట్టిన వేట క్లబ్బు వాళ్ళు ఒప్పుకోరు. పైగా నిద్ర ముంచుకొస్తోంది. "అయితే తెల్లారాక రా. పోతూ పోతూ, ఈ జెట్ లాగ్‌కి మీ వైపు మందేమైనా ఉంటే చెప్పు తల్లీ."

"లేకేం! ఆ చెట్టు కింద రాలి ఎండిన ఇప్పపూలు నాలుగు దోసిళ్ళు తినండి. ఒంటికి తడి బురద పట్టించి, నీడలో పడుకోండి. ఎంత వేడిగా ఉన్నా, ఎంత వెలుతురున్నా లేవకండి. మా ఊరి కోడి కూశాక లేవండి."

"కోడా? ఎలా కూస్తుంది?"

"గుగ్గుగ్గూ అంటుంది. పెద్ద కళ్ళు, చెట్టు తొర్రలో ఉంటుంది. అది కూసిందంటే తెల్లారినట్టే. తెల్లారాక చీకటిగా ఉంటుంది, కంగారు పడకండి."

"చీకటి పగళ్ళు నాకు అలవాటే," అన్నాడు దొర ధీమాగా. ఇప్పపూలు తిని, రెండు నిమిషాల్లో గుర్రు పెట్టాడు.

చెంగమ్మ వెనక్కి వచ్చి మందతో చెప్పింది. "ఇక మనం మిట్టమధ్యాహ్నం నీళ్ళు తాగాలి. చీకటి పడితే మడుగు పైనున్న రాతిగుట్ట ఎక్కాలి, తెల్లారేదాకా దిగొద్దు." ఆడదుప్పులూ పిల్లలూ విన్నారు. ఆకాశం చూసిన మగదుప్పులు కూడా సిగ్గుపడుతూ విన్నారు. రాయుడు మాత్రం అక్కడ లేడు. చెంగమ్మని పంపించిన క్షణమే తను ధ్యానం చేసే గుహలోకి దూరాడు.

రాత్రంతా దొర మడుగు దగ్గర కాచుకునేవాడు, ఎవరూ రాకపోతే ఎండెక్కాక మళ్ళీ పడుకునేవాడు. మూడో రోజు మంద నీళ్ళు తాగుతుండగా దొర ఒక కన్ను తెరిచాడు. ఎదురుగా నలభై దుప్పులు.

"ఏమిటీ జనం?" అన్నాడు మత్తుగా.

అందరూ బిగుసుకుపోయారు. చెంగమ్మ అతని చెవి దగ్గరికి వంగి, "కల దొరా. జెట్ లాగ్ తగ్గేటప్పుడు ఇలాంటివే వస్తాయి. పడుకోండి" అంది.

"చాలా మంచి కల," అని దొర కన్ను మూశాడు.

పాపయ్య పట్టేశాడు సంగతి. "ఏమ్మా చెంగమ్మా, నా అతిథికి పగలూ రాత్రీ తారుమారు చేశావట? నేను వెళ్ళి చెప్పెయ్యనా?"

"చెప్పు. వేట అయిపోతే మర్నాడే వెళ్ళిపోతాడు. ఆయన తెచ్చుకున్న ఎండుచేపల మూట కూడా పోతుంది. ఆయన నిద్రపోతుండగా రోజూ అందులోంచి తింటున్నది ఎవరో నాకు తెలుసు."

పాపయ్య మూతి నాక్కున్నాడు. "నేను రాత్రుళ్ళు తిరిగేవాణ్ణి. నాకూ రాత్రే పగలు," అని వెళ్ళిపోయాడు.

అయిదో రోజు నూకాలు గుహ దగ్గరికి వెళ్ళి రాయుణ్ణి పిలిచింది. నాలుగు రోజులుగా దాహానికి కలబంద నమిలి నమిలి ఆయన నాలుక రంపంలా అయింది.

"మధ్యాహ్నం వచ్చి నీళ్ళు తాగి పో నాయనా. అప్పుడు దొర నిద్రపోతాడు. రాత్రి మాత్రం వెళ్ళకు. చెంగమ్మ చెప్పింది."

"చెంగి నాకు టైము చెబుతుందా?" రాయుడు గుహలోంచే గర్జించాడు. "మిట్టమధ్యాహ్నం వేటగాడు నిద్రపోతాడట, రాత్రి మేలుకుంటాడట! దొరలు రాత్రి నిద్రపోతారు. అది నాగరికత. పైగా క్లబ్బు రూలు ఉండనే ఉంది. మీ ఆడాళ్ళ కబుర్లు నాకు చెప్పకు."

ఆ రాత్రి గుడ్లగూబ కూసింది. రాతిగుట్ట మీంచి చెంగమ్మ చూస్తోంది. రాయుడు కొమ్ములు పైకెత్తి, దర్జాగా మడుగు దగ్గరికి వచ్చి మూతి పెట్టాడు.

"శుభోదయం!" అన్నాడు తోడేలు దొర.

హాయిగా నిద్రపోయి లేచాడేమో, కళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. రాయుడు నీళ్ళు మింగలేక కక్కలేక అలాగే నిలబడ్డాడు.

"ఉదయమేమిటి దొరా! రాత్రి! మీ రూలు! రాత్రి కొట్టింది లెక్కలోకి రాదు!"

"కోడి కూసింది కదా."

"అది గుడ్లగూబ! అదిగో చూడండి, చుక్కలు! చీకటి!"

"చీకటి పగళ్ళు నేను చాలా చూశాను," అని దొర ఒళ్ళు విరుచుకున్నాడు. "టైము గురించి మగాళ్ళ మాట నేను నమ్మను. నాకు మా ఆవిడైనా చెప్పాలి, ఇక్కడ ఆ కొమ్ములకి చిగుళ్ళున్నావిడైనా చెప్పాలి."

రాయుడు గుట్ట వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "చెంగీ! చెంగమ్మా! తల్లీ! టైమెంతో చెప్పవే!"

గుట్ట మీద ఆడదుప్పులన్నీ చెంగమ్మ వైపు చూశాయి. రాత్రి అని చెబితే, దొరకి వేటకి రేపు ఒక్క పగలు మిగిలి ఉంటుంది. ఆ పగలు పోయేది తన బిడ్డ. ఆమె పొట్ట మీద చెయ్యి వేసినట్టుగా ముట్టె ఆనించింది. తర్వాత తీరిగ్గా జవాబిచ్చింది.

"ఆడాళ్ళ కబుర్లు ఎందుకులెండి రాయుడు గారూ! మీకు తెలియనిదేముంది, మీరే చెప్పండి!"

దొర దూకాడు. రాయుడు పరుగందుకున్నాడు. నాలుగంగల్లో రేగుపొదలో కొమ్ములు ఇరుక్కున్నాయి. ప్రాణమంతా మెడలోకి తెచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. పటుక్కుమంది. ఎండలు ఎలాగూ ముదిరాయి. రాలాల్సినవి రాలిపోయాయి. కొమ్ములు పొదలో ఉండిపోయాయి, రాయుడు చీకట్లో కలిసిపోయాడు.

తోడేలు దొర ఆ కొమ్ముల్ని అన్ని వైపులా తిప్పి చూశాడు. తలనొప్పి లేకుండా, శుభ్రంగా, కింద ఏమీ లేకుండా వచ్చాయి. "మీ దేశంలో ప్యాకింగు బాగుంటుంది" అని పాపయ్యని మెచ్చుకున్నాడు. ఎండుచేపల మూట తేలికైన సంగతి కనిపెట్టకుండానే మర్నాడు గూడబాతు నోట్లోకి ఎక్కాడు. ఇంటికెళ్ళాక వారం రోజులు నిద్రలేదట. వాళ్ళావిడ ఆ కొమ్ముల్ని గుమ్మానికి కట్టి, "వీటిని వండుకోవాలా?" అని ఒక్కటే అడిగిందట.

ఇక్కడ మూడు రోజులకి చెంగమ్మకి కూతురు పుట్టింది. మంద అంతా చూడ్డానికి వచ్చింది. చివర్న రాయుడు కూడా వచ్చాడు. ఈసారి ధ్యానానికి వెళ్ళే ధైర్యం లేదు. గుహలోకి ఒక్కడే వెళ్ళాలంటే భయం. బోడి తలతో రాలేక, చెంగమ్మ విప్పి పారేసిన తుమ్మకొమ్మలు రెండూ ఎత్తుకెళ్ళి నెత్తికి కట్టుకున్నాడు.

"నేనున్నాను కాబట్టి సరిపోయింది," అని గొంతు సవరించుకుని కొమ్ములు ఊపాడు.

నూకాలు దగ్గరికొచ్చి ఒక రెమ్మ లాక్కుని నమిలింది. ఇంకో దుప్పి ఇంకో రెమ్మ లాక్కుంది. ఆయన ఉపన్యాసం అయ్యేలోపు నెత్తిమీద ముళ్ళు మాత్రం మిగిలాయి.

"టైమెంతయింది?" అని అడిగాడు రాయుడు చిన్నగా, ఎవరి వైపూ చూడకుండా.

"నీళ్ళకి వెళ్ళే టైము," అంది చెంగమ్మ. ఈసారి అందరికంటే ముందు ఆయనే లేచాడు.

నీతి: నెత్తిమీద ఎన్ని కొమ్ములున్నా, ఇంట్లో ఆడది టైము చెప్పినప్పుడు వినాలి. వినని రోజున, అడిగినా చెప్పదు.