రాజుగారు ఏ పూటనైనా రావచ్చు

ఏరు సముద్రంలో కలిసే చోట ఒకానొకప్పుడు మణినాగపురం అనే రాజ్యం ఉండేది. కోట ఏటి ఒడ్డున ఉండేది, జనంలో సగం మంది ఏటి నడుమ లంకల్లో ఉండేవారు. లంకల నుంచి కోటకు పాలూ కూరగాయలూ అరటి గెలలూ వెళ్లేవి. కోట నుంచి లంకలకు పన్నులవాళ్లూ ఆజ్ఞలూ వచ్చేవి.

ఆ రాజ్యాన్ని ఏలే కీర్తికేతు మహారాజు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఆయన గొప్పవాడని రోజూ ఎవరో ఒకరు ఆయనకు చెబుతూ ఉండాలి. ఏదైనా తప్పు జరిగితే అది ఆయనది కాదని కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఈ రెండో పని చూసుకోవడానికి ఆస్థాన జ్యోతిష్కుడు విరూపాక్ష సిద్ధాంతి ఉండేవాడు. ఆ పనిలో ఆయనకు సాటి లేదు.

ఒక ఏడు భాద్రపదంలో ఏరు పొంగింది. లంకల్లో జనం పిల్లాజెల్లాతో ఇంటి కప్పులెక్కారు. కట్టెలు తడిసిపోయాయి. గాదెల్లో గింజలు నానిపోయాయి. నానిన బియ్యం పచ్చివే నమిలారు. దాహం తట్టుకోలేక బురద నీళ్లే తాగారు. ఆ నీళ్లు పడక చాలామంది మంచాన పడ్డారు, కొందరు మళ్లీ లేవలేదు. రాజుగారి పడవలు మాత్రం వచ్చాయి. అవి వచ్చేసరికి ఏరు తనంతట తానే తీసిపోయింది.

రాజుగారి కొలువులో తిప్పన అని ఒకడుండేవాడు. రాజుగారు ఊళ్లు తిరిగేటప్పుడు విడుదుల ఏర్పాట్లు చూడటం అతని ఉద్యోగం, కొలువులో నలుగురినీ నవ్వించడం అతని అలవాటు. అతని అక్క పేరమ్మ కాపురం లంకలోనే. ఆ వరదలో తాగిన నీళ్లకే ఆమె భర్త పోయాడు. బావను దహనం చేయడానికి లంకంతా వెతికినా ఒక్క పొడి కట్టె దొరకలేదు. తిప్పన ఆ తరవాత కూడా సభలో నవ్విస్తూనే ఉన్నాడు గాని, ఆ రోజును మరచిపోలేకపోయాడు. మళ్లీ ఏరు పొంగితే అక్క బతికి ఉండాలి. అతనికి కావలసింది అదొక్కటే.

వరద తీశాక సభలో మహారాజు ఇలా ఎందుకు జరిగిందని అడిగారు. ఏటి గట్ల గండ్లు పూడ్చక ఏళ్లయిందన్న సంగతి అందరికీ తెలుసు. అందరూ తమ కాళ్ల వేళ్ల వంక చూసుకున్నారు. సిద్ధాంతి మాత్రం లేచి గొంతు సవరించుకున్నాడు. ఆకాశంలో తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, లంకల జనం ఆషాఢం నుంచీ వరదొస్తుంది వరదొస్తుంది అని నోరు పారేసుకున్నారనీ, ఆ మాట దేవతల చెవిన పడిందనీ తేల్చి చెప్పాడు.

మహారాజు ప్రాణం కుదుటపడింది. అప్పటికప్పుడు ఆజ్ఞ వేశారు. ఇకమీదట రాజ్యంలో ఎవరూ వరద అన్న మాట నోట అనకూడదు. అన్నవాడు పసుపు నీళ్లు పుక్కిట పట్టి పొద్దుగుంకేదాకా నలుగురూ నడిచే చోట నిలబడాలి. వరద కోసమని ఇంట్లో ఏదైనా దాచడం దాన్ని పిలవడం కిందే లెక్క, కాబట్టి దాచిన సరుకు కోటకు జప్తు.

మరుసటి వేసవిలో లంక ఆడవాళ్లు ఎప్పటిలాగే కట్టెలు అటక ఎక్కించబోయారు. భటులు వచ్చి దింపించారు. పెరటి చెట్లకు కట్టుకున్న చిన్న పడవలు విప్పుకుపోయారు. తిప్పన చూడటానికి వెళ్లేసరికి పేరమ్మ ఖాళీ అటక కింద కూర్చుని ఉంది.

"మీ రాజుగారికి మేం బతకడం ఇష్టం లేదంట్రా తమ్ముడూ?" అని అడిగింది ఆవిడ.  ఆ రాత్రి తిప్పన అన్నం కూడా తినకుండా కోటకు వచ్చేశాడు.

మర్నాడు సభకు తిప్పన ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందని మహారాజు అడిగారు. తిప్పన చెప్పడానికి నసిగి, అడగ్గా అడగ్గా చెప్పాడు. పొరుగు రాజుగారు వాళ్ల రాజ్యంలో ఏ పల్లెలో ఏ గడప తొక్కినా అప్పటికప్పుడు భోజనం, పడక సిద్ధంగా ఉంటాయట. మన రాజ్యంలో మహారాజు చెప్పకుండా వెళితే కూర్చోబెట్టడానికి చాప కూడా సరైనది ఉండదని పొరుగువాళ్లు నవ్వుకుంటున్నారట.

మహారాజు మీసం అదిరింది. తన రాకకు తన ప్రజలు సిద్ధంగా లేకపోవడమేమిటని నిలదీశారు. తమరు ఎప్పుడొస్తారో తెలియకపోతే పాపం వాళ్లు మాత్రం ఏం సిద్ధం చేస్తారు ప్రభూ అన్నాడు తిప్పన. తమరు ఏ పూటనైనా, ఎంత వానలోనైనా, ఏ ఇంటికైనా రావచ్చని దండోరా వేయిస్తే సరిపోతుంది, మిగతా ఏర్పాట్లు తాను చూసుకుంటానన్నాడు.

ఆ ఏర్పాట్లేమిటో కూడా చెప్పాడు. రాజు కూర్చునే చోటు మనిషి తలకు పైనుండాలి కనుక ఇంటింటా గట్టి గుంజలతో ఎత్తయిన మంచె కట్టాలి. పరివారం కూడా ఉంటుంది కనుక అది ఇంటిల్లిపాదీ పట్టేంత ఉండాలి. పచ్చి కట్టెల పొగ రాజుగారి కళ్లకు తగలరాదు, అందుకని ఎండు కట్టెలు మంచె మీదే పేర్చి పైన తాటాకు కప్పాలి. ఆకలితో వచ్చిన ప్రభువు అన్నం ఉడికేదాకా ఆగలేరు గదా, అటుకులూ పేలపిండీ బెల్లమూ కుండల్లో మూతకట్టి పెట్టాలి. ప్రభువు ఏటి నీళ్లు తాగరు, కాబట్టి కాచి వడగట్టిన నీళ్లు పైనే ఉండాలి. పేడ వాసన రాకుండా పశువులను దూరంగా మెరక మీద కట్టాలి. ప్రభువుకు నడవబుద్ధి కాకపోతే? అందుకని పెరట్లో పడవ ఉండాలి.

వింటున్నకొద్దీ మహారాజు సింహాసనంలో నిటారుగా కూర్చున్నారు. ఇన్నాళ్లూ ఈ ముచ్చట తనకెవరూ చెప్పనందుకు నొచ్చుకున్నారు కూడా.

సిద్ధాంతి తెలివితక్కువవాడు కాదు. లేచి, ఇందులో ఏదో అశుభం ఉందనిపిస్తోందన్నాడు.

తిప్పన చేతులు కట్టుకుని ఆయన వైపు తిరిగాడు. "సిద్ధాంతిగారూ, మహారాజు ప్రజల ఇంటికి రావడం శుభమా, అశుభమా? తమరు సెలవిస్తే దండోరాలో ఆ ముక్క కూడా వేయిస్తాను."

సభంతా సిద్ధాంతి వైపు చూసింది. మహారాజు కూడా చూశారు. శుభమేనని సిద్ధాంతి ఒప్పుకుని కూర్చున్నాడు.

దండోరా లంకకు చేరేసరికి పేరమ్మకు ఒళ్లు మండింది. మాకే తిండి లేకపోతే ఆయనకు విందేమిటని తమ్ముడి మీద విరుచుకుపడింది. పక్కనే భటుడున్నాడు. తిప్పన నెమ్మదిగా అన్నాడు, "అక్కా, నిరుడు చెప్పకుండా వచ్చిపోయిన చుట్టం ఉన్నాడే. ఆయన మళ్లీ వస్తే ఏం చేస్తావో, రాజుగారికీ అదే చెయ్యి."

పేరమ్మ అతని ముఖంలోకి చూసింది. కాసేపటికి కొంగు నడుముకు దోపి, తాటాకుల కోసం ఇరుగుపొరుగును కేకేసింది.

ఆ తరవాత లంకలో ఆడవాళ్లకు ఒకటే మాట. రాజుగారొస్తే చీకట్లో ఎలాగని దీపం, నూనె, చెకుముకి రాయి ఉట్టిలో పెట్టారు. రాజుగారికి జలుబు చేస్తే ఎలాగని శొంఠీ మిరియాలూ దంచిపెట్టారు. రాజుగారు బురదలో జారితే ఎలాగని ఇంటికీ ఇంటికీ మోకులు కట్టారు. రాజుగారు ఏ ఇంటికొస్తారో తెలియదు కనుక లేనివాళ్ల మంచె మీద ఉన్నవాళ్లు ఓ కుండ పెట్టి వచ్చారు. ఈ మోకుల సంగతీ కుండల సంగతీ తిప్పన చెప్పినవి కావు. అవి వాళ్లకు వాళ్లే ఆలోచించుకున్నవి.

సిద్ధాంతి ఊరుకోలేక స్వయంగా లంకకు వెళ్లి చూసి వచ్చాడు. మర్నాడు సభలో ఊగిపోతూ, "మహారాజా, అదంతా తమకోసం కాదు. వాళ్లు వరదకు సిద్ధమవుతున్నారు" అన్నాడు.

 తిప్పన చెవులు మూసుకున్నాడు. ఆ మాట నిండుసభలో వినిపించిందని మాత్రం విన్నవించి తల వంచుకున్నాడు. మహారాజుకు సిద్ధాంతి మీద అభిమానం లేకపోలేదు, కానీ ఆజ్ఞ తనది. పైగా ప్రజల ప్రేమ తనకోసం కాదన్నందుకు లోపల మండుతూనే ఉంది. ఆ రోజంతా సిద్ధాంతి బుగ్గల నిండా పసుపు నీళ్లతో కోట గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్లు నమస్కరిస్తే తల ఊపడం తప్ప గతి లేకపోయింది.

భాద్రపదం వచ్చింది. తన కోసం ఇంతగా ఎదురుచూస్తున్న ప్రజలను చూడకుండా మహారాజు ఇక ఉండలేకపోయారు. ముసురు పట్టి ఉన్నా వినకుండా, సిద్ధాంతినీ తిప్పననూ వెంటబెట్టుకుని రంగుల పడవెక్కారు. సగం దూరంలో వాన జోరందుకుంది. ఏరు ఎర్రగా మారింది. రంగుల పడవ చూడటానికి బాగుంటుంది గాని నీళ్ల మీద దానికి అంత పట్టు లేదు. లంక ఒడ్డున దిబ్బకు కొట్టుకుని పగిలింది. మహారాజు కిరీటం ఏట్లో పడి కొట్టుకుపోయింది. మోకాటి లోతు నీళ్లలో, ఇంటింటికీ కట్టిన మోకులు పట్టుకుని అందరూ పేరమ్మ ఇల్లు చేరారు. తాను చెప్పి కట్టించింది కాకపోయినా, ఆ మోకు చేతికి అందినప్పుడు తిప్పనకు కళ్లనీళ్లు తిరిగాయి.

పేరమ్మ అప్పటికే మంచె మీద ఉంది. చెయ్యి అందించి ఒక్కొక్కరినీ పైకి లాగింది. పొడిబట్ట ఇచ్చింది. పేలపిండిలో బెల్లం కలిపి ఆకులో పెట్టింది, శొంఠి నీళ్లు కాచి ఇచ్చింది. మహారాజు వణుకుతూనే మురిసిపోయారు. ఇదంతా నాకోసమే కదూ అని సిద్ధాంతి వైపు గర్వంగా చూశారు. సిద్ధాంతి గబుక్కున పేలపిండి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

తెల్లవారేసరికి నేల కనబడలేదు. చుట్టూ నీళ్లే. ఆ నీళ్ల మధ్య ఎటు చూసినా మంచెలు, మంచె మంచె మీదా జనం, పొయ్యి పొయ్యి నుంచీ పొగ. పిల్లల ఏడుపు కాదు, ఎవరో ఎవరినో ఉప్పు అడుగుతున్న కేక వినిపించింది. ఎవరో పడవలో వచ్చి ఇచ్చి వెళ్లారు. మహారాజు చాలాసేపు అటే చూస్తూ కూర్చున్నారు. ఆయన ముఖంలో మురిపెం మెల్లగా పోయింది.

"అమ్మా, నేను నిన్న వస్తానని నీకెలా తెలుసు?" అని అడిగారు.

పేరమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ చెప్పింది. "తమరొస్తారని నాకేం తెలుసు బాబూ. తమరు రాకపోయినా ఇవన్నీ ఇక్కడే ఉండేవి. తమరొచ్చారు గనక మాకు తలా ఓ ముద్ద తగ్గిద్ది, అంతే."

అంత మాట మహారాజుతో ఎవరూ ఎన్నడూ అని ఉండరు.  మహారాజు తిప్పన వైపు తిరిగి, "తిప్పనా, నిజం చెప్పు. ఈ ఏర్పాట్లన్నీ ఎవరి కోసం?" అన్నారు.

తిప్పన లేచి, నడుముకు కట్టుకున్న మూట విప్పి పసుపు కొమ్మొకటి తీసి అక్క చేతిలో పెట్టాడు. కాసిని నీళ్లలో అరగదీయమని చెప్పి, చేతులు జోడించాడు. "ఆ పేరు చెప్పాక పుక్కిట పట్టాలి గదా ప్రభూ. ముందుగా సిద్ధం చేసుకుంటున్నాను. కావలసినప్పుడు వెతుక్కోవడం లంకలో మానేశాం."

మహారాజు అతని వైపు చూశారు, నీళ్ల వైపు చూశారు. పేరమ్మ పసుపు అరగదీసిన గిన్నె తానే అందుకున్నారు.

"నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెబుతాను. వరద" అని, పసుపు నీళ్లు పుక్కిట పట్టారు. ఎదురుగా కూర్చున్న సిద్ధాంతి అలవాటు కొద్దీ తన బుగ్గలు కూడా పూరించాడు. అది చూసి మహారాజుకు నవ్వాగలేదు. పసుపు నీళ్లన్నీ వెళ్లి సిద్ధాంతి తెల్లబట్టల మీద పడ్డాయి. పక్క మంచెల వాళ్లకు సంగతి తెలియకపోయినా వాళ్లూ నవ్వారు.

నీళ్లు తీశాక కోటకు వెళ్లి చూస్తే, అక్కడి కట్టెలూ తడిసిపోయి అంతఃపురంలో రాణిగారు నానిన బియ్యం నములుతూ కనబడ్డారు. ఆజ్ఞ కోటలోనూ బాగా అమలైంది మరి.

ఆజ్ఞ ఆ రోజే రద్దయింది. గట్ల గండ్లు పూడ్చడం మొదలైంది. తిప్పన మెడలో మహారాజు తన ముత్యాల హారం వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు. తనకు ఇది చాలునని, అక్కకు ఒక్క వరం ఇప్పించమని తిప్పన అడిగాడు. ఇకమీదట పేరమ్మ కూడా ఏ పూటనైనా, చెప్పకుండా, కోటకు రావచ్చు. మహారాజు నవ్వుతూ సరేనన్నారు. అందులో ఏముందో అప్పటికి ఆయనకు పూర్తిగా తెలియదు.

మరుసటి ఏడు ఆషాఢంలో పేరమ్మ కోటకు వచ్చింది. రాణిగారు వెండిపీట వేయించారు. పేరమ్మ పీట మీద కూర్చోలేదు. తిన్నగా వంటశాలలోకి వెళ్లి, తలెత్తి అటక వైపు చూసి, "ఎండు కట్టెలేవమ్మా?" అని అడిగింది.