అప్పగింతలో చెప్పని దోషం

ప్రశ్న అడిగినవాడి చేతిలో పానా పెట్టడం మా గురువుగారికి అలవాటు. సాలూరులో లారీల షెడ్డు నడిపే పోలినాయుడు మేస్త్రిని మేమంతా గురువుగారనే పిలిచేవాళ్లం. ఇంజను పని నేర్పాడని కొంత, అడిగినదానికి తిన్నగా బదులు చెప్పడు గనుక కొంత. "దేవుడున్నాడా గురూగారూ?" అని అడిగినా "ముందా చక్రం విప్పరా" అనేవాడు. చక్రం ఊడివచ్చేసరికి అడిగినవాడు సగం ప్రశ్న మరిచిపోయేవాడు. మిగిలిన సగానికి జవాబుగా ఎప్పుడో ఒకనాడు కళ్లెదుట ఏదో జరిగేది. ఆయన అటు చూడమని గడ్డం ఎత్తి చూపించి, తన బీడీ తాను కాల్చుకునేవాడు.

ఒక ఆషాఢంలో చిన్నంనాయుడు ఆయన్ని అడిగిన ప్రశ్న ఇది: "గురూగారూ, నేనొక్క అబద్ధమూ ఆడనేదు. మరి నాకీ సిగ్గేటండి? అన్నం ముద్ద గొంతు దిగట్లేదు."

చిన్నంనాయుడు మా షెడ్డులో అందరికన్నా పనివాడు. అతనూ నేనూ ఒకే ఏడు చేరాం, ఈ కథ జరిగేనాటికి ఇద్దరికీ నలభై దాటాయి. మా ఇద్దరిలో చెయ్యి అతనిది, నోరు నాది. అతని సిగ్గుకు కారణం ఒక జీపు. దాన్ని అతను అమ్మి అప్పటికి మూడు రోజులైంది.

అది యాభై ఏళ్ల నాటి బండి. ఏదో తోటలో కోళ్లు అందులో గుడ్లు పెట్టుకుంటూ ఉండగా పాత ఇనుము కింద కొని తెచ్చాడు. ఆ తరవాత మూడేళ్లు దానికే అంకితమైపోయాడు. రేకు మీద సొట్టలు చెక్క సుత్తితో ఒక్కొక్కటే తీశాడు. ఆకుపచ్చ రంగు ఆరు పూతలు పూశాడు. పై గుడ్డ కుట్టడానికి టార్పాలిన్ దర్జీని పట్టుకుని నాలుగుసార్లు విప్పించి కుట్టించాడు. "నాకు జొరమొస్తే మాత్రేసుకోమంటాడు, దానికి పడిశం పడితే పక్కన పడుకుంటాడు" అని అతని భార్య గౌరమ్మ నవ్వేది.

ఒక్కచోట మాత్రం పని ఆగిపోయింది. నాలుగు చక్రాలూ లాగే బండి అది. బురదలోనో ఏటవాలులోనో రెండో గేరు కర్ర తోస్తే ముందు చక్రాలు కూడా ఇంజనుతో కలిసి తిరగాలి. వాటిని తిప్పే కడ్డీలు రెండూ ఏనాడో విరిగిపోయాయి. అచ్చంగా అలాంటివే కావాలని చిన్నంనాయుడు విశాఖ పాత ఇనుము బజారుకీ, జయపురానికీ, రాయపూర్ దాకానూ తిరిగాడు. దొరకలేదు. వేరే బండి కడ్డీలు కాస్త కోసి పెడితే చక్కగా పనిచేస్తాయి, అవి మా షెడ్డు అటక మీదే ఉన్నాయి. "దీనికి పరాయి ఎముక పెట్టను" అని భీష్మించాడు. చివరికి ముందు ఇరుసును ఖాళీగానే ఉంచి, మూతలు బిగించి, రంగు వేసేశాడు. అమ్మే ఆలోచన అప్పటికి లేదు. చిత్రమేమంటే, ఏ చక్రాన్నీ తిప్పని ఆ గేరు కర్ర మీద వారం రోజులు పనిచేశాడు. అది మెత్తగా జారి టక్కుమని కూర్చోవాలని అతని పట్టుదల. కూర్చుంది. కడ్డీలు దొరికాయనుకుని ఆ చప్పుడుకు షెడ్డంతా శభాష్ అంది. మూతలు బిగిస్తున్నప్పుడు బోల్టులు అందించింది నేనే కాబట్టి, ఈ కథలో నేను ఒడ్డున కూర్చున్నవాణ్ణి కాను.

రోడ్డు వెడల్పులో చిన్నంనాయుడి ఇంటి ముందు పాక పోయింది. ఎండకూ వానకూ బండిని వదిలేయడం చూడలేక అమ్మకానికి ఒప్పుకున్నాడు. కొన్నవాడి పేరు జన్ని దాసు. పాచిపెంట పైన కొండ ఊళ్లలో ఆటో తోలేవాడు. ఆటో ఎక్కలేని దారుల్లో మనుషుల్నీ పసుపునీ సంతకు దించడానికి జీపు కావాలని ఏడాదిగా వెతుకుతున్నాడు.

మా షెడ్డుకొక ఆచారముంది. బండి చేతులు మారిన రోజు, నిమ్మకాయలు తొక్కించాక, దాన్ని బాగుచేసినవాడు కొన్నవాడి పక్కన కూర్చుని బండి దోషాలన్నీ పైకి చెప్పాలి. బ్రేకు ఎటు లాగుతుంది, ఏ తలుపుకు ఎక్కడ తన్ను కావాలి, వేసవిలో ఎన్ని నీళ్లు తాగుతుంది, అన్నీ. పెళ్లికూతురి తిండీ కోపమూ అత్తవారికి చెప్పి ఒప్పజెప్పినట్టు ఉంటుందని దాన్ని మేం అప్పగింత అంటాం. ఆవేళ చిన్నంనాయుడు పదకొండు దోషాలు చెప్పాడు. తడిస్తే హారన్ మోగదన్నాడు. పెట్రోలు ముల్లు అబద్ధాలకోరు, నమ్మొద్దన్నాడు. ఇంత నిక్కచ్చిగా చెప్పినవాణ్ణి చూడలేదని మేమంతా మెచ్చుకున్నాం. దాసు ఉబలాటం కొద్దీ రెండో గేరు కర్ర తోశాడు. టక్కుమంది. దాసు చిన్నంనాయుడి వైపు చూసి నవ్వాడు. చిన్నంనాయుడూ నవ్వాడు.

జరిగింది అంతే. డబ్బుకోసం దాచాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ప్రాణం పెట్టి చేసిన బండి, అది పుట్టిన పనికే పనికిరాదని తన నోటితో చెప్పుకోలేకపోయాడు. పదకొండు చిన్న తప్పులు ఏకరువు పెట్టేసరికి పెద్దదాన్ని ఎవరూ అడగలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒకసారి దగ్గాను కూడా. అంతకుమించి ధైర్యం చాలలేదు.

ఇదంతా గురువుగారికి మేము చెప్పలేదు. ఆయన చిన్నంనాయుడి ప్రశ్న విని, అతని మొహంలోకి కాసేపు చూసి, "ఆ పెద్ద లారీ వెనక చక్రం విప్పు" అని పానా ఇచ్చాడు.

ఇరవై రోజులు గడిచాక దాసు వచ్చాడు. జీపు ఒళ్లంతా ఎర్రమట్టి పట్టి ఉంది. దిగుతూనే అనాసపళ్ల బుట్ట ఒకటి తెచ్చి చిన్నంనాయుడి ముందు పెట్టి దండం పెట్టాడు.

"బండికేటీ లోటు నేదు బాబూ. నాకే సేతకానేదు. ఆ రెండో గేరు కర్ర ఎలా తొయ్యాలో ఇంకోపాలి నేర్పండి."

తరవాత అతను చెప్పిన సంగతి ఇది. ముసురు పట్టిన రోజున అతని అన్నను చేలో రక్తపింజరి కరిచింది. దాసు అన్నను జీపులో వేసుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. దారిలో గెడ్డ వాగు దాటాక ఎత్తు ఉంది, అంతా బురద. కర్ర తోశాడు, టక్కుమంది. వెనక చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి గాని బండి కదల్లేదు. తీసి మళ్లీ తోశాడు. ఎన్నిసార్లు తోశాడో లెక్కలేదు. ఆఖరికి డోలీ కట్టి మోసుకుపోయారు. అన్న బతికాడు. ఆలస్యమైపోయిందని డాక్టర్లు కాలి వేళ్లు మూడు తీసేశారు.

"ఊళ్లో ఎవులూ నా బండెక్కట్లేదు బాబూ," అన్నాడు దాసు. "బంగారంనాంటి బండి సేతకానోడి సేతిలో పడిందంటన్నారు. నిజిమే గదా. మీరన్నీ అంత బాగా సెప్పినారు, నాను బుర్రకెక్కించుకోనేదు."

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. చిన్నంనాయుడు బుట్టలోని అనాసపళ్ల వైపే చూస్తున్నాడు. గురువుగారు బల్ల మీద నుంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నేర్సుకోడానికొచ్చాడు కదరా," అన్నాడు. "నేర్పు."

లారీలు కడిగే రేవు వేగావతి ఒడ్డున ఉంది. వానలకు అక్కడి ఏటవాలు చెప్పు నిలవనంత జారుడుగా ఉంది. దాసు తోలుతుంటే చిన్నంనాయుడు పక్కన కూర్చున్నాడు. గురువుగారూ నేనూ దిగి ఒడ్డున నిలబడ్డాం.

"ఇలాగేనా బాబూ?"

"ఇలాగే."

టక్కుమంది. వెనక చక్రాలు బురద చిమ్మాయి. బండి అక్కడే ఉంది.

"ఇంకాస్త గట్టిగా తొయ్యాలేటో?"

దాసు మళ్లీ తోశాడు. "కోప్పడకండి బాబూ, ఇంకొక్కపాలి," అని మరోసారి తోశాడు. అయిదోసారి తోస్తుంటే చెయ్యి కర్ర మీంచి జారిపోయింది. తన చేతిని తానే చూసుకుని దాసు "ఛీ" అన్నాడు.

ఆ మాటతో చిన్నంనాయుడు పానా అందుకుని దబ్బున బండి దిగేశాడు. మోకాళ్లు బురదలో ఆనించి ముందు చక్రం నడుమ ఉన్న మూత విప్పసాగాడు. బోల్టులు చేజారి బురదలో పడుతుంటే వెతుక్కోలేదు. మూత ఊడాక దాసును పిలిచాడు.

"ఇలా రా. ఇందులో ఏలు పెట్టు."

దాసు వంగి వేలు పెట్టాడు. వేలు అంతా లోపలికి పోయింది.

"ఏటీ తగలట్లేదు బాబూ."

"ఏటీ నేదు. అటుపక్కా నేదు. నువ్వు కొన్ననాడే నేదు. నాకు తెలుసు, నీకు సెప్పనేదు."

దాసు వేలు వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. తరవాత దాన్ని లుంగీకి తుడుచుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మా అన్న కాలేళ్లు తీసినప్పుడు నా సేతుల్నే తిట్టుకున్నాను," అన్నాడు. గొంతు పెంచలేదు. అప్పటిదాకా మాటకు ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టిన "బాబూ" మాత్రం పోయింది. "నాకెందుకు సెప్తన్నావు? ఆ మాట మా ఊరికి సెప్పు."

చిన్నంనాయుడు బురద చేతులతోనే గురువుగారి దగ్గరికి వచ్చాడు. ఏడుస్తున్నాడు, దాచుకోవడానికి ప్రయత్నించలేదు.

"రెండ్రోజులియ్యండి గురూగారూ. అటక మీదున్న కడ్డీలే పెట్టీసి, బండి గుర్రంలా సేసి ఇచ్చీస్తాను. పైసా పుచ్చుకోను. కొండ మీదికి మాత్రం నన్ను పంపకండి. ఆ కాలు నేనెలాగ సూడను?"

నాకు అది న్యాయంగానే తోచింది. నోరు నాది కదా, అందుకున్నాను. "అవును గురూగారూ, ముందు బండి బాగవనీండి. దాసుకి కావలసింది అదే కదా."

గురువుగారు నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన బీడీ పారేసి, జీపు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"కడ్డీలు తరవాత పెడుదురు గాని. అతని బండి ఎవరూ ఎక్కట్లేదట. మీరిద్దరూ ఎక్కి అతని ఊరెళ్లండి. ఎత్తొచ్చినచోట దిగి తోద్దురు."