వాన చప్పుడు మీద నక్క తీర్పు

పొన్నమాకుల అడవిలో పాడుబడ్డ రేకుల షెడ్డు ఒకటుండేది. జంతువులన్నీ అందులో తెల్లగుడ్డ కట్టుకుని సినిమాలు వేసుకునేవి. ఏ సినిమా ఆడాలన్నా, ఏది ఎత్తేయాలన్నా జిత్తన్న అనే నక్క మాటే మాట. అతను బాగుందంటే షెడ్డు కిటకిటలాడేది. పెదవి విరిచాడా, మర్నాడు పిట్ట కూడా వాలేది కాదు.

నల్లమ్మ అనే గేదె తొలి సినిమా తీసింది. వాగులో కొట్టుకుపోయిన తన దూడ కథ. ఆ ఆటకి జిత్తన్న విందు నుంచి తిన్నగా వచ్చి, వెనక గోడకి చేరగిలబడి నిద్రపోయాడు. మధ్యలో మెలకువ వస్తే ధారగా వాన చప్పుడు వినిపించింది. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. 'ఓహో, వాగు సీనన్నమాట' అనుకుని మళ్ళీ కళ్ళు మూశాడు.

ఆట అయ్యాక అందరి ముందూ దర్శకురాలితో ముచ్చట.

"నల్లమ్మక్కా, నీ కథలో ప్రాణముంది. పనితనమే లేదు," అని మొదలుపెట్టాడు జిత్తన్న.

నల్లమ్మ నెమరు ఆపింది. "ఎక్కడ తప్పానో చెప్పు తమ్ముడూ."

"దూడ కొట్టుకుపోయే సీన్లో ఆ వాన మోతేమిటి? చెవులు చిల్లులు పడ్డాయి. ఏడుపు రావలసిన చోట తలనొప్పి తెప్పించావు. నిశ్శబ్దం విలువ తెలియనివాళ్ళు సినిమా జోలికి రాకూడదు."

షెడ్డులో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తన మాటలకి ముగ్ధులైపోయారనుకుని జిత్తన్న మీసం దువ్వుకున్నాడు.

"ఆ సీన్లో నేను చప్పుడే పెట్టలేదు తమ్ముడూ," అంది నల్లమ్మ మెల్లగా. "వాగు హోరు, గాలి, నా అరుపు, అన్నీ తీసేశాను. ఆరోజు బిడ్డ కళ్ళముందే పోతుంటే నాకేమీ వినపడలేదు. నువ్వు విన్న వాన బయట రేకుల మీద పడింది."

జిత్తన్న మీసం వదిలేశాడు. "అంటే... నేను కళ్ళు మూసుకుని చూస్తానక్కా, అదో పద్ధతి..."

"నీ గురక మేమూ విన్నాంలే బావా!" అంది కుందేలు. షెడ్డంతా గొల్లుమంది.

నల్లమ్మ మాత్రం నవ్వలేదు. "ఊరుకోండర్రా. నిద్రొచ్చిందంటే తప్పు నాదీ కావచ్చు. ఏ సీను దగ్గర కన్నంటుకుంది తమ్ముడూ? చెబితే అక్కడ కత్తిరించి సరిచేసుకుంటాను."

వెటకారం కాదు, నిజంగానే అడుగుతోంది. అందరి నవ్వుకీ తట్టుకున్న జిత్తన్న ఆ ప్రశ్నకి తట్టుకోలేకపోయాడు. తల ఎత్తలేక నేల చూపులు చూశాడు.

"పేర్లు పడకముందే అక్కా," అన్నాడు.

మర్నాటి ఆటకి అందరికన్నా ముందొచ్చి, ఓ మూల కూర్చుని సినిమా అంతా చూశాడు. దూడ నీళ్ళలోకి జారినప్పుడు షెడ్డులో చీమ చిటుక్కుమనలేదు. జిత్తన్న మూతి తడిసిపోయింది. ఆట వదిలాక ఎవరూ అతన్ని ఎలా ఉందని అడగలేదు. చెప్పడానికి ఆరోజే అతని దగ్గర ఒక మాట ఉంది.

నీతి: కళ్ళారా చూడనిదానికి తీర్పు చెబితే, పోయేది చెప్పినవాడి పరువే.