పలక మీద కాలు

పానకాలుకి ముప్పై ఆరేళ్లు. అందులో పదకొండేళ్లు బీమా ఆఫీసులో క్లెయిముల ఫైళ్లకే పోయాయి. ఒంట్లో బాగా బలపడింది ముద్ర వేసే బొటనవేలొక్కటే.

మూడేళ్ల కిందట, మోకాలు పోయిన ఓ కబడ్డీ పిల్ల ఫైలు మీద ‘తిరస్కరించడమైనది’ అని ముద్ర కొడుతూ, ఈ మోకాలు పోకముందే ఎవరైనా చూసుంటే బాగుండేది కదా అనుకున్నాడు. ఆ రోజు నుంచి స్పోర్ట్స్ సైన్సు పిచ్చి పట్టింది.

ఏ డిగ్రీ చదవాలో మాత్రం తేలలేదు. ఫిజియోథెరపీనా, బీపీఈడీనా, పోషకాహారమా, స్పోర్ట్స్ సైన్సులో ఎమ్మెస్సీయా? పట్టిక గీశాడు. రంగులు వేశాడు. ఈలోగా రెండేళ్ల దరఖాస్తు గడువులు దాటిపోయాయి. మూడో గడువు ఇవాళ సాయంత్రం ఐదింటికి. వాళ్లావిడ నిన్ననే చెప్పేసింది.

“రేపటికి తేల్చకపోతే ఇక ఆ మాట ఇంట్లో ఎత్తకండి. ఆ పట్టిక పప్పుడబ్బాల కింద పరుస్తాను.”

అందుకే తెల్లారేసరికి తెనాలి గ్రౌండులో, లాంగ్‌జంప్ గొయ్యి దగ్గర వాలాడు. చిన్నప్పుడు బళ్లో డ్రిల్లు చేయించిన యోహాను మాస్టారు రిటైరయ్యాక అక్కడే పిల్లలకి దూకడం నేర్పుతున్నారు.

“మళ్లీ తెచ్చావా పట్టిక?” అన్నారు మాస్టారు, ఇసుక చదును చేస్తూ.

“ఈసారి ఇంకో గడి చేర్చాను మాస్టారూ.”

“కింద పెట్టు. చెప్పులు విప్పు. దూకు.”

“నేనా?”

“నాలుగు డిగ్రీల మీద ఊగేవాడివి, ఒక్క దూకు దూకలేవా?”

పానకాలు దూరంగా ఓ చోటు చూసుకుని పరుగెత్తుకొచ్చాడు. గొయ్యి ముందు కాలు మోపి ఎగరాల్సిన పలక దాటి జానెడు అవతల తొక్కాడు. రెండోసారి వెనక్కి జరిగి మొదలెట్టాడు. పలక రాకముందే ఎగిరి, ఇసుక అంచున కూలబడ్డాడు. మూడోసారి పలక ముందు కోడిలా నాలుగు బుల్లి అడుగులు వేసి ఆగిపోయాడు.

“ఎక్కణ్ణించి మొదలెట్టాలో చెప్పకుండా దూకమంటే ఎలా మాస్టారూ? మూడేళ్లుగా మీరూ ఇంతే.”

మాస్టారికి విసుగొచ్చింది. ఇసుక చదును చేసే కర్ర పడేసి వచ్చి, అతని భుజాలు పట్టుకుని పలక మీద నిలబెట్టారు. గొయ్యికి వీపు పెట్టించారు.

“పరుగెత్తు.”

“అటా? గొయ్యి ఇటుంది మాస్టారూ.”

“తెలుసు. తవ్వించింది నేనే.”

పానకాలు పరుగెత్తాడు. మాస్టారు అడుగులు లెక్కపెట్టారు. పదో అడుగు పడిన చోట ఇటుకముక్క పెట్టారు.

“ఇప్పుడు ఇక్కణ్ణించి రా.”

వచ్చాడు. పలక కాలికింద టక్కుమంది. ఎగిరింది ఎంతో దూరమేం కాదు. నోట్లోకి ఇసుక కూడా పోయింది. కానీ కాలు మాత్రం పలక మీదే పడింది.

ఇసుక ఉమ్ముకుంటూ లేచాడు. “మరి డిగ్రీ మాస్టారూ?”

మాస్టారు తల పట్టుకున్నారు.

“పలకెక్కడుందో చెప్పరా. ఇటుక నేను పెడతాను.”

పానకాలు పట్టిక తీసి చూశాడు. పట్టికలో ఆ గడి లేదు. “మోకాలు పోకముందు,” అన్నాడు. “ఆ పిల్ల పక్కన.”

“అయితే అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టు, ఏ డిగ్రీయో అదే తగుల్తుంది,” అన్నారు మాస్టారు, మళ్లీ ఇసుక చదును చేసుకుంటూ.

పానకాలు పట్టికని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఇక దాంతో పనిలేదు, పప్పుడబ్బాల కింద సరిగ్గా పడుతుంది.