కుదురుమెట్ట మీద కుదురమ్మ తల్లి వెలసిన వైనం

మైదానం నుంచి బయలుదేరిన ఘాట్ రోడ్డు పదకొండు మలుపులు తిరిగి పైకి చేరాక ఎడమ చేతివైపు పెంకుల కప్పుతో నాలుగు విడిది ఇళ్లు కనిపిస్తాయి. పట్నాల నుంచి సెలవులకు వచ్చేవారు వాటిలో దిగుతారు. అక్కడివారు చేతికిచ్చే కాగితంలో చుట్టుపక్కల చూడదగిన చోట్లు మూడు రాసి ఉంటాయి. తూర్పున పొద్దుచూపు బండ, ఉత్తరాన గబ్బిలాల గుహ, పడమట పాలధార జలపాతం. పొద్దు పొడిచేసరికి బండ మీద ఉండాలి, ఎండెక్కకముందే గుహ చూడాలి, మధ్యాహ్నానికి పాలధార చేరి అక్కడే భోంచేయాలి. ఒక్కరోజులో మూడూ చూసి రావచ్చునని ఆ కాగితం చెబుతుంది. చూసి రావచ్చు కూడా. అయితే పాలధార దారిలో సగానికి వచ్చేసరికి పిల్లలు ఇక నడవలేమంటారు, పెద్దలు మాటలు మానేస్తారు, చేతిలోని సంచి రెండింతల బరువవుతుంది. సరిగ్గా అక్కడే, దారి కాస్త చదునైన చోట, కుదురుమెట్ట మీద కుదురమ్మ తల్లి గుడి ఉంది.

నాలుగు రాతి స్తంభాలు, పైన పెంకులు, అంతే గుడి. గోడలు లేవు, తలుపులు లేవు. లోపల మోకాలెత్తు నల్లరాయి ఒకటి, కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆడమనిషిలా ఉంటుంది. ముఖం తెలియదు, ఒడి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఒడి మధ్యలో గుంట, ఆ గుంట చుట్టూ మెలితిప్పిన బట్ట ఆనవాలు. ఈ తల్లిని నిలబడి దర్శించకూడదు. చేతిలో ఉన్నది కింద పెట్టి, నేల మీద కూర్చుని చూడాలి. ఈ ఆచారం ఎలా ఏర్పడిందో పెద్దలు చెప్పగా విన్నది విన్నట్లు భక్తుల కోసం ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు, కాలిబాట ఉండేది. మైదానంలోని ఒక సంస్థానపు దొరలు ఎండాకాలం గడపడానికి ఈ కొండ మీద ఒక భవంతి కట్టుకున్నారు. దాన్ని చలవమేడ అనేవారు. ఉగాది వెళ్లగానే దొరల కుటుంబం, వారి వెంట చుట్టాలు, స్నేహితులు వచ్చి తొలకరి పడేదాకా ఉండేవారు. కొండ మీద వారికి వేరే పనేముంటుంది? రోజుకొక చోటికి విహారం. ఒకనాడు బండ, ఒకనాడు గుహ, ఒకనాడు పాలధార. దొరసానులు డోలీల్లోనూ మగవారు గుర్రాల మీదా వెళ్లేవారు. తివాచీలు, వంట పాత్రలు, పండ్ల బుట్టలు, మంచినీళ్లు మోసుకుంటూ కొండ దిగువన వలసలనే చిన్న పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు వారికి ముందూ వెనుకా నడిచేవారు.

నీళ్లు మోసేవారిలో చిలకమ్మ ఒకతె. పదిహేడో ఏట మొదటి కుండ ఎత్తుకుంది. ఈ కథ జరిగేనాటికి ఆమెకు నలభై నిండాయి. తల మీద కుండ కింద బట్ట మెలితిప్పిన చుట్టకుదురు పెట్టుకునే చోట వెంట్రుకలు ఊడి నున్నగా అయింది. మెడ బిగుసుకుపోయి, ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల ఒక్కటే తిప్పలేక మనిషంతా తిరిగేది.

పాలధార దగ్గర నీళ్లకు కొదవా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. అడవి నీళ్లు తాగితే మన్యం జ్వరం పట్టుకుంటుందని దొరలకు భయం. అందుకని ఎక్కడికి వెళ్లినా చలవమేడ వెనుకనున్న రాతి ఊట నీళ్లే వెంట వెళ్లాలి. దానికి తోడు, నేల తాకిన కుండలోని నీళ్లు మైల అని విడిది పారుపత్యం చూసే కామేశం గారు కట్టడి చేశారు. ఊట దగ్గర ఎత్తిన కుండ పాలధార దగ్గర వేసిన పీట మీదే దిగాలి. నడుమ క్రోసున్నర బాట. ఎక్కుడు, దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఆయాసం వస్తే తల మీద కుండతోనే ఏ చెట్టు మొదలుకో భుజం ఆనించి నిలబడాలి. నిలబడి కళ్లు మూసుకోవడం చిలకమ్మకు అలవాటైపోయింది.

ఆమె మనసులో ఒక సంగతి ఉండేది. తొలిచూలు ఎనిమిదో నెలలో ఉండగా ఒకనాడు పాలధారకు నీళ్లు ఎత్తుకుంది. సగం బాటలో నడుములో నొప్పి మొదలయింది. దించుదామనుకుంది. దించలేదు. పీట దాకా మోసింది. చుక్క తొణకకుండా తెచ్చిందని కామేశం గారు ఆ రోజు నలుగురి ముందూ మెచ్చుకున్నారు కూడా. మూడోనాడు బిడ్డ పుట్టింది, ఏడవలేదు. ఆ తర్వాత ఆమె కడుపు పండలేదు. పెనిమిటి పోయాక, ఆ రోజు బాటలో నొప్పి వచ్చిందన్న సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

ఒక ఏడు వైశాఖంలో చలవమేడకు మునుపెన్నడూ రానంతమంది చుట్టాలు వచ్చారు. పన్నెండు రోజుల్లో పదకొండు విహారాలు జరిగాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం చిలకమ్మ వంటసాల వెనుక గోడకు చేరగిలబడి కాస్త కన్ను మూసింది. ఆ కునుకులోనే కల వచ్చింది. పాలధార బాట పక్కన గడ్డిలో ఒక ముసలమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఎందుకే అలా నిలబడ్డావు? దించు" అంది ముసలమ్మ.

"నేల మీద దించకూడదమ్మా. మైలట."

"నా ఒళ్లో దించు. ఇంతకాలం ఇక్కడే కూకున్నాను. ఏ ఒక్కరూ దించలేదు."

అంతలో వంటసాలలో గిన్నె పడిన చప్పుడుకు మెలకువ వచ్చింది. చిలకమ్మ లేచి మొహం కడుక్కుని ఊటకు వెళ్లింది. అలసిన ఒంటికి ఏవో కలలు వస్తాయని సరిపెట్టుకుంది.

మరునాడు పాలధార విహారం. దొరలు గుర్రాల మీద ముందే వెళ్లిపోయారు. నీళ్లకు ఇద్దరు బయలుదేరారు, చిలకమ్మ, ఆమె పక్కింటి కోడలు గవరమ్మ. గవరమ్మకు ఏడో నెల. మొగుడు జ్వరంతో మంచం పట్టాడు. రాకపోతే తన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారని వచ్చింది. ఇద్దరూ మొదటి ఎక్కుడు దాటారు. తర్వాత వెనుక నుంచి గవరమ్మ సన్నగా పిలిచింది.

"అత్తా, నడుం పట్టేత్తంది."

చిలకమ్మ ఆగింది. కుండతో సహా మెల్లగా వెనక్కి తిరిగింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది. పై పెదవి మీద చెమట పట్టింది.

"ఎప్పుడినుండే?"

"ఊట కాడినుండి. దించకూడదు గదా అని ఊరుకున్నాను."

ఆ మాట పూర్తవుతుండగానే గవరమ్మ మోకాళ్లు మడతపడ్డాయి. ఆమె కుండ జారి రాళ్ల మీద పడి పగిలింది. నీళ్లు వాలులోకి పారిపోయాయి. గవరమ్మ రెండు చేతులతో కడుపు పట్టుకుని బాట మీద కూలబడింది.

పాలధార దగ్గరున్న అంతమందికీ ఇక మిగిలింది చిలకమ్మ తల మీది కుండ ఒక్కటే. తల మీద కుండ ఉండగా వంగడం కుదరదు. వంగకుండా పిల్లను పట్టుకోవడం కుదరదు. ఇరవై రెండేళ్ల కిందట ఈ బాటలోనే తాను చెయ్యని పని ఆమె ఈసారి చేసింది. పక్కనున్న గడ్డిలోకి రెండడుగులు వేసి, రెండు చేతులతో కుండ ఎత్తి, చుట్టకుదురుతో సహా దించేసింది. గడ్డి కింద ఏదో రాయి తగిలింది. కుండ ఒరగలేదు, కదలలేదు, ఎవరో పట్టుకున్నట్లు నిలిచింది. ఆ సంగతి గమనించే తీరిక ఆమెకు లేదు. గవరమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల తన తొడ మీద పెట్టుకుని, నడుము రాస్తూ కూర్చుంది.

నీళ్లు ఇంకా రాలేదని పాలధార నుంచి కామేశం గారు మనుషులను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చారు. గడ్డిలో కుండను చూశారు.

"ఎవరు దించమన్నారు?"

"ఎవరూ సెప్పలేదు బాబూ. నానే దించేసినాను."

"అక్కడ అంతమంది దాహంతో ఎదురు చూస్తున్నారు. ఆ నీళ్లు పారబోసి, ఊటకు వెళ్లి వేరే కుండ తీసుకురా."

చిలకమ్మ లేవలేదు. గొంతు పెంచలేదు. "నానెల్లలేను బాబూ. నాను అలిసిపోనాను" అంది.

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట ఆయన వినలేదు. కుండ ఒంచేయమని వెంట వచ్చిన వారిని పురమాయించారు. ఇద్దరు పట్టుకున్నారు. కుండ ఒరగలేదు. నలుగురు పట్టుకున్నారు. మట్టికుండ, ఒక ఆడమనిషి తల మీద మోసుకొచ్చినది, నలుగురు మగవాళ్లకు లొంగలేదు. వారు చేతులు తీసేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు.

అప్పుడే వెనుక నుంచి పెద్ద దొరసాని డోలీ వచ్చింది. ఆమె దొరగారి తల్లి, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. డోలీ దించమని దిగి, కామేశం గారు చెప్పినదంతా విన్నది. పడుకున్న గవరమ్మను చూసింది. చిలకమ్మను చూసింది.

"ఎన్నాళ్ల నుంచి మోస్తున్నావే?"

"ఇరవై మూడేళ్లయ్యిందండమ్మా."

"ఇన్నేళ్లుగా నీ నీళ్లు తాగుతూ నీ పేరు అడగలేదు నేను."

"చిలకమ్మండి."

పెద్ద దొరసాని మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, పట్టుచీరతోనే బాట మీద కూర్చుంది. కామేశం గారు తివాచీ కోసం కేక వేయబోతే చేత్తో వద్దంది. "నలభై ఏళ్లుగా ప్రతి వేసవీ ఆ జలపాతం చూపిస్తున్నారు కామేశం. చూసే ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అని, చిలకమ్మ వైపు తిరిగి, "కాసిని నీళ్లు పొయ్యి తల్లీ" అంది.

"ముందు ఈ పిల్లకి పోత్తానమ్మా."

"అలాగే కానీ."

చిలకమ్మ ముంత ముంచి గవరమ్మకు తాగించింది. తర్వాత పెద్ద దొరసాని దోసిట్లో పోసింది. ఆమె తాగింది. డోలీ మోసిన బోయీలు తాగారు. చివరికి కామేశం గారు కూడా దోసిలి పట్టారు. మైల మాట ఎవరూ ఎత్తలేదు. అందరి తర్వాత చిలకమ్మ తాను తాగి, అలవాటుకొద్దీ కుండ మీద చెయ్యి వేస్తే అది పువ్వులా పైకి వచ్చేసింది. చుట్టకుదురు మాత్రం రాలేదు. లాగినా రాలేదు. బట్ట రాతిలో కలిసిపోయి ఉంది.

బోయీలు గడ్డి కోసి చూస్తే ఒడి పరిచి కూర్చున్న తల్లి కనిపించింది. అప్పుడు చిలకమ్మ తన కల చెప్పింది. చెప్పి, ఆ రాతి ఒడి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుండిపోయింది. పోయిన బిడ్డను తలచుకున్నదేమో. ఎవరూ అడగలేదు, లెమ్మని కూడా అనలేదు.

గవరమ్మను పెద్ద దొరసాని డోలీలోనే వలసకు చేర్చారు. డోలీ తిరిగి వచ్చేదాకా దొరసాని అక్కడే నేల మీద కూర్చుంది. నెలలు నిండాక గవరమ్మకు ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఆ పిల్లకు కుదురమ్మ అని పేరు పెట్టుకున్నారు. కుండ దించరాదన్న కట్టడి ఆ ఏడే పోయింది. నాలుగు స్తంభాలు పెద్ద దొరసాని నిలబెట్టించింది. చిలకమ్మ మోత మానలేదు, మానితే గడవదు. మరో ఏడేళ్లు మోసింది. కానీ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అక్కడ దించి, తన అలుపు తీరిందని తనకు తోచిన తర్వాతే లేచేది. ఎవరు పిలిచినా అంతకుముందు లేచేది కాదు.

చలవమేడ కూలిపోయి చాలా కాలమయింది. దాని పునాది రాళ్ల మీదే ఇప్పటి విడిది ఇళ్లు లేచాయి. ఊట ఇంకా పారుతోంది. గవరమ్మ కూతురి వంశంలోని ఆడవాళ్లే తరతరాలుగా తల్లికి సేవ చేస్తున్నారు. ఇప్పుడు ఆ వంతు అప్పయ్యమ్మది. తెల్లవారి విడిది ఇళ్ల దుప్పట్లు ఉతికి ఆరవేసి, ఊట నుంచి ఒక కుండ ఎత్తుకుని వచ్చి తల్లి ఒడిలో దించుతుంది. వచ్చినవారిని గోత్రం అడగదు, కోరిక అడగదు. "ముందు కూకోండి" అంటుంది. కూర్చున్నాక దోసిట్లో నీళ్లు పోస్తుంది. అదే తీర్థం. భక్తులు లేనప్పుడు ఆమె కూడా స్తంభానికి చేరగిలబడి కూర్చుంటుంది, అందులో తప్పు లేదు.

ఏడో నెల గర్భిణులు ఇక్కడికి వచ్చి బట్టతో చుట్టిన కుదురొకటి తల్లి ముందు ఉంచితే సుఖప్రసవం అవుతుందని నమ్మకం. వైశాఖంలో వచ్చే రెండో మంగళవారం నాడు జాతర. ఆ ఒక్కరోజు విడిది ఇళ్ల యజమానులు, అక్కడ దిగిన అతిథులు ముంతలు పట్టుకుని నిలబడి, మోత పని చేసేవారందరికీ నీళ్లు పోస్తారు.

తల్లి కష్టాలన్నీ తీరుస్తుందని ఇక్కడ ఎవరూ చెప్పరు. ఒకసారి దించుకున్నవారికి తిరిగి ఎత్తుకునే సత్తువ ఇస్తుందని చెబుతారు. ఈ కథ చదివినవారికి, చదువుతుండగా విన్నవారికి, వినే ఓపిక లేక నిద్రపోయినవారికి కూడా ఆ సత్తువ కలుగుగాక. దర్శనానికి వేళలు లేవు. మిగిలిన గుళ్లలా మధ్యాహ్నం మూయరు. ఎక్కువమంది అలసిపోయి వచ్చేది ఆ వేళకే.