చిన్న తెరోళ్ల నీళ్లు

గుంతకొండలో చేదబావులు ఎండిన ఏడు, నీళ్ల ట్యాంకరు కావాలంటే వెబ్‌సైటులోనే అడగాలని అధికారి వేదాచలం ఉత్తర్వు ఇచ్చాడు. ఫోన్లకూ సరిపడేలా చేస్తామని సైటు తయారుచేసేవాళ్లు అంటే, "మంత్రిగారు చూసేది పెద్ద తెర మీద. దానికి చెయ్యండి చాలు" అన్నాడు. దాంతో ఎవరి ఫోనులో చూసినా సగం పేజీయే కనిపించేది. నొక్కాల్సిన బటన్ అంచు అవతలే ఉండిపోయింది, పక్కకు జరిపినా రాదు.

మంత్రి వచ్చిన రోజున వేదాచలం పెద్ద తెర పక్కన నిలబడి, "ఒక్క బటన్ నొక్కితే ఇంటిముందు నీళ్లు!" అని ఉపన్యసించాడు. వింటున్న కూలిమనిషి సుంకులమ్మ లేచి వెళ్లి తన ఫోను అతని చేతికిచ్చింది.

"నాకు సదువు రాదు సామీ. ఆ బటనేదో నీ సేత్తోనే నొక్కు."

అందరూ చూస్తుండగా వేదాచలం పేజీని పైకీ కిందికీ జరిపాడు. బటన్ దొరకలేదు. "దీనికి పెద్ద తెర కావాలమ్మా" అని నసిగాడు.

"పెద్ద తెరలుండే ఇండ్లల్లో బోర్లుండాయి సామీ. ట్యాంకరు కావాల్సింది చిన్న తెరోళ్లకే గదా!"

మంత్రి మొహం మాడ్చుకుని, ముందు ఫోన్లకు సరిపడేలా మార్చమన్నాడు. మార్చేసరికి వేసవి ముదిరింది. ఈసారి సుంకులమ్మ వేలికి బటన్ వెంటనే దొరికింది. వచ్చిన జవాబును పక్కింటావిడ చదివి వినిపించింది: "ఈ ఏటికి ట్యాంకర్లు అయిపోయాయి."

అక్షరాలు మాత్రం తెరకు అచ్చంగా సరిపోయాయి.